పాత సంగీతం, కొత్త చెవులు: ఎర్లీ మ్యూజిక్ బృందం కచేరీలు చేస్తూ జనంలోకి వెళ్లడానికి సమగ్ర మార్గదర్శి

స్పెయిన్‌లోని మోంసెరాట్ మఠంలో 1399 ప్రాంతంలో రాసిన పుస్తకం ఒకటుంది. చాలా కాలం తర్వాత ఎవరో దానికి ఎర్ర అట్ట వేశారు. అప్పటి నుంచీ అది 'ల్యిబ్రె వెర్మెల్', అంటే ఎర్ర పుస్తకం. అందులో పది పాటలు మిగిలాయి. ఆ పాటలు ఎందుకు రాశారో కూడా అందులోనే చెప్పారు: యాత్రికులు రాత్రి గుడిలో జాగారం చేసేటప్పుడూ పగలు ముంగిట్లోనూ పాడాలని, ఆడాలని ఉబలాటపడుతున్నారు, వాళ్లకి మర్యాదైన పాటలు కొన్ని కావాలి, అందుకని.

ఇవాళ మనం వేదిక మీద కూర్చుని, చీకట్లో వరసగా కూర్చున్న వాళ్లకి వినిపించే ఆ పాటలు అసలు ఆ జనమే పాడుకోడానికి రాసినవన్నమాట. ఈ సంగతి బుర్రకెక్కాక నేను మా బృందం పనిని తలకిందులు చేశాను. అంతకు ముందు కచేరీ ఖాయం చేసుకుని, తర్వాత తీరిక దొరికితే ఏదో ఒక బడికి వెళ్లొచ్చేవాళ్లం. ఇప్పుడు ముందు జనంతో ఏం చేస్తామో తేల్చుకుంటాం, కచేరీ అందులోంచి పుడుతుంది. ఐదారుగురు కలిసి 1750కి ముందరి యూరప్ సంగీతం వాయిస్తూ, ప్రతిసారీ అదే నలభై మంది ముఖాలు చూస్తున్న బృందాల కోసం ఇది రాస్తున్నాను. ఆ నలభైలో సగం మంది చుట్టాలే అయితే మరీ ముఖ్యంగా చదవండి.

మొదటి అడుగు: మీ దగ్గర ఏముందో చూసుకోండి

'ఎర్లీ మ్యూజిక్' అనే మాట కింద ఏడెనిమిది వందల ఏళ్ల సరుకు పడి ఉంది. అంతా మనదే అనుకుంటే ఏదీ మనది కాదు. బృందంలో ఎవరేం వాయిస్తారో కాగితం మీద రాసి, ఆ వాద్యాలు ఏ కాలంలో కలిసి మోగాయో చూడండి. రికార్డర్లు (నిలువుగా పట్టి ఊదే వేణువులు) నాలుగు, వయోల్ (విల్లుతో వాయించే తీగవాద్యం) ఒకటి, ల్యూట్ (వేళ్లతో మీటే తీగవాద్యం) ఒకటి, గాయని ఒకరు ఉన్నారనుకోండి, పదహారో శతాబ్దం మీకు అమ్మగారిల్లు. హార్ప్సికార్డ్ (పియానోకి ముందరి మెట్ల వాద్యం), బరోక్ కాలపు (సుమారు 1600 నుంచి 1750 దాకా) వయొలిన్లు ఉంటే ఇంకో నూరేళ్లు ముందుకి జరగండి.

పదిహేనో శతాబ్దంలో వాద్యాల్ని రెండు జాతులుగా చూసేవాళ్లు: గట్టివి, మెత్తనివి. సన్నాయి లాంటి షామ్, ట్రాంబోన్‌కి పూర్వరూపమైన సాక్‌బట్ గట్టివి, వీధిలోకీ ముంగిట్లోకీ పనికొచ్చేవి. ల్యూట్, రికార్డర్, విల్లుతో వాయించే చిన్న తీగవాద్యాలు మెత్తనివి, గదిలోవి. జనంలోకి వెళ్లేటప్పుడు ఈ విభజన ఇప్పటికీ అంతే పనిచేస్తుంది. ల్యూట్ పట్టుకుని సంత మధ్యకి వెళితే మీ వేళ్లు కదలడం తప్ప జనానికి ఇంకేం తెలియదు. నాలుగు గోడల గదిలో షామ్ ఊదితే మర్నాడు మిమ్మల్ని పిలవరు.

తర్వాతది శ్రుతి. దీన్ని మొదటి రిహార్సల్‌కి ముందే తేల్చాలి. వాద్యాలన్నీ శ్రుతి కలుపుకునే 'లా' స్వరానికి ఇవాళ వాడే 440 హెర్ట్జ్ అన్నది 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో కుదిరిన ఒప్పందం. అంతకు ముందు ఊరికో శ్రుతి ఉండేది. ఎర్లీ మ్యూజిక్ లోకం వాడుక కోసం కొన్ని మెట్లు ఏర్పరచుకుంది: బరోక్‌కి 415, ఫ్రెంచ్ బరోక్‌కి 392, కార్నెట్టోలూ (వంపు తిరిగిన ఊదే వాద్యాలు) సాక్‌బట్లూ మోగే తొలి ఇటాలియన్ సంగీతానికి 466. 415 అంటే 440కి దాదాపు సరిగ్గా అర స్వరం కింద. అందుకే చాలా హార్ప్సికార్డుల్లో మెట్ల వరసని ఒక గడి పక్కకి జరిపితే శ్రుతి మారిపోతుంది. తీగవాద్యాలు కూడా ఎంతో కొంత సర్దుకుంటాయి. ఊదేవి మాత్రం సర్దుకోవు. చెక్క రికార్డర్‌ని ఏ శ్రుతికి తొలిచారో అదే దాని జాతకం. కాబట్టి శ్రుతి విషయంలో ఊదేవాళ్ల మాటే చివరి మాట. దర్శకుడు ఎవరైనా సరే.

ఇక్కడే ఇంకొకటి. బడి పిల్లలతో, ఊళ్లో రికార్డర్ వాయించే ఔత్సాహికులతో కలిసి వాయించాలనుకుంటే వాళ్ల చేతుల్లో ఉండేవి ప్లాస్టిక్ రికార్డర్లు. అవి 440. మీరు 415లో ఉంటే ఇద్దరికీ పొత్తు కుదరదు. పదహారో శతాబ్దపు నాట్య సంగీతాన్ని 440లో వాయిస్తే కొంపలేం మునగవు. నేనైతే జనంతో కలిసే కార్యక్రమాలన్నీ 440లోనే పెడతాను, దీనికి ముక్కు విరిచే పండితులు ఎలాగూ ఆ కార్యక్రమాలకి రారు.

రెండో అడుగు: పాటల్ని ఒకే దారానికి గుచ్చండి

'మధ్యయుగం నుంచి బాక్ దాకా' (బాక్ పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త) అనే శీర్షిక చూస్తే నాకు నీరసం వస్తుంది. అది కచేరీ కాదు, పరీక్షకి ముందు రాత్రి చదువు. దానికి బదులు చిన్న చోటుని, చిన్న కాలాన్ని పట్టుకోండి. ఉదాహరణకి 1551లో ఇప్పటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో టీల్మన్ సుసాటో 'దన్సెరై' అనే నాట్య సంగీత సంపుటం అచ్చు వేశాడు. ఆయన ప్రచురణకర్తే కాదు, ఆ ఊరి వాద్యగాళ్లలో ఒకడు కూడా. ఏ వాద్యం మీదైనా వాయించుకోవచ్చని ముఖపత్రం మీదే చెప్పాడు. ఇంతకన్నా పెద్ద అనుమతి పత్రం మనకేం కావాలి? ఒక ప్రచురణకర్త, ఒక ఊరు, ఒక దశాబ్దం: గంట కచేరీకి అదే చాలు.

ఇంకో దారం: ఫ్రాన్స్‌లోని లాంగ్ర అనే ఊళ్లో ఉన్న మతగురువు ఒకాయన, ఝాన్ తబూరో, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో తన పేరులోని అక్షరాలే తారుమారు చేసి త్వానో ఆర్బో అన్న మారుపేరుతో 1589లో నాట్యం నేర్పే పుస్తకం తెచ్చాడు. గురువు, శిష్యుడు మాట్లాడుకుంటున్నట్టుగా సాగుతుంది. స్వరాల పక్కనే ఏ స్వరానికి ఏ అడుగో రాసి ఉంటుంది. నా లెక్కలో జనంలోకి వెళ్లే బృందానికి ఆ పుస్తకాన్ని మించిన చుట్టం లేదు. ఎందుకో నాలుగో అడుగులో చెప్తాను.

నిడివి విషయంలో నాది మొండి పట్టు. విరామం లేకుండా అరవై నుంచి డెబ్బై నిమిషాలు, అంతే. ఇందులో మాటలు, శ్రుతి చేసుకోవడం పోను సంగీతం యాభై నిమిషాలు మిగిలితే ఎక్కువ. మూడు నిమిషాల నాట్యాలు ఒకదాని వెనక ఒకటి ఎనిమిది వాయిస్తే ఎంత బాగున్నా చెవి మొద్దుబారుతుంది. రెండు మూడు కలిపి గుత్తిగా కట్టి, మధ్యలో ఒంటరి ల్యూట్‌నో, ఒక్క గొంతునో పెట్టండి. నెమ్మదిగా నడిచే పవాన్, దాని వెనకే గంతులేసే గాలియార్డ్ జంటగా వాయించడం ఆ కాలపు అలవాటే.

స్వరలిపి దొరకడం ఇప్పుడు కష్టం కాదు. పాత అచ్చు ప్రతుల చిత్రాలు ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీలో, గాత్ర సంగీతం సీపీడీఎల్‌లో, మధ్యయుగపు రాతప్రతుల చిత్రాలు డయామ్‌లో ఉచితంగా చూడొచ్చు, మూడూ వెబ్‌సైట్లే. అయితే ఒక గుంట ఉంది. సంగీతం నాలుగొందల ఏళ్ల నాటిదైనా, దాన్ని ఇవాళ్టి లిపిలోకి తిరగరాసి సరిదిద్దినవారికి హక్కులుంటాయి. ఫ్రెంచ్ బరోక్ స్వరకర్త లలాండ్ రచనల సంపాదకుడు ఒకరు ఈ విషయమై ఇంగ్లండ్‌లో ఒక రికార్డింగ్ సంస్థ మీద దావా వేస్తే, 2005లో అప్పీల్ కోర్టు కూడా సంపాదకుడి వైపే తీర్పిచ్చింది. పాతది కాబట్టి ఉచితమే అనుకుని జిరాక్సులు తీసి పంచకండి. అసలు ప్రతి చూసి మీరే రాసుకోండి. రాసుకుంటుంటే తాళాన్ని విడగొట్టే అడ్డగీతలు లేని ఆ వరసలు ఎక్కడ ఊపిరి తీసుకుంటాయో చేతికి తెలుస్తుంది. మూలంలో రాయకపోయినా పాడేవాళ్లు తమంతట తాము అర స్వరం పెంచో తగ్గించో పాడాల్సిన చోట్లు ఉంటాయి. వాటిని స్వరం పైన చిన్నగా గుర్తు పెట్టుకోండి. రిహార్సల్‌లో సగం తగాదాలు అక్కడే.

మూడో అడుగు: గదిని వినండి

హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు చేయాల్సింది చప్పట్లు. నడిమధ్య నిలబడి ఒక్కటే చప్పట. ఆ చప్పుడు ఎంతసేపటికి చచ్చిపోతుందో మనసులో లెక్కపెట్టండి. రాతి చర్చిలో అది మూడు సెకన్లు దాటి సాగుతుంది. అక్కడ ఒంటి గొంతుతో పాడే పాత కీర్తనలు స్వర్గంలా ఉంటాయి, వడిగా సాగే గాలియార్డ్ గంజి అయిపోతుంది. తివాచీ పరిచిన సమావేశ మందిరంలో చప్పుడు వెంటనే ఆరిపోతుంది. అక్కడ ల్యూట్ ప్రతి స్వరమూ తేటగా వినిపిస్తుంది గానీ, గాయకులు ఒంటరిగా అడవిలో పాడుతున్నట్టు బెంగపడతారు. ఖాళీ హాలు కన్నా జనం నిండిన హాలు తక్కువ మారుమోగుతుందని గుర్తుంచుకుని, రిహార్సల్‌లో కుదిరిన వేగాన్ని కచేరీలో కాస్త పెంచుకోవచ్చు.

ల్యూట్, వయోల్ లాంటివి వంద మందికి మించితే వెనక వరసకి అందవు. మైకు పెట్టాలా వద్దా అన్నది పెద్ద చర్చ. నాకు మైకు కన్నా కుర్చీలు మార్చడం ఇష్టం. వేదిక వదిలేసి, నేల మీద మధ్యలో మీరు, చుట్టూ మూడు వైపులా జనం. అప్పుడు వెనక వరస అన్నది కూడా నాలుగో వరసే అవుతుంది. కచేరీ అంటే ఇలాగే ఉండాలని ఎక్కడా రాసి లేదు. 1672లో లండన్‌లో జాన్ బానిస్టర్ తన ఇంట్లోనే, మనిషికి ఒక షిల్లింగ్ తీసుకుని, కచేరీలు పెట్టాడు. డబ్బులిచ్చి ఎవరైనా వచ్చి వినగలిగిన కచేరీలకి అదే మొదలంటారు. లైప్‌జిగ్‌లో బాక్ తన విద్యార్థుల బృందంతో వారం వారం వాయించింది త్సిమ్మర్‌మాన్ కాఫీ హోటల్లో. కప్పుల చప్పుడుకి ఆయన ఏమనుకున్నాడో మరి.

గది గురించి ఇంకొక్క మాట, నా జేబుకి చిల్లు పెట్టిన మాట. పేగు తీగలు గొర్రె పేగుతో చేస్తారు. గాలిలో తేమ, వేడి ఏమాత్రం మారినా అవి కదులుతాయి. ఒకచోట రిహార్సల్ అంతా ఏసీ లేకుండా చేసుకున్నాం. జనం వస్తుండగా ఎవరో మర్యాదకి ఏసీ పూర్తిగా పెంచారు. రెండో పాటలో నా వయోల్ పైతీగ 'ఫట్' మని తెగి చెంప మీద గీత పెట్టింది. కొత్త తీగ వేసి, అది సాగి నిలబడేదాకా మా గాయని ఒక్కతే మూడు పాటలు పాడాల్సొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజు అందరికీ నచ్చినవి ఆ మూడే. అప్పట్నుంచి హాలు వాళ్లకి రాసే ఉత్తరంలో మొదటి వాక్యం ఇదే: కచేరీలో ఏసీ, దీపాలు ఎలా ఉంటాయో రిహార్సల్ మొదలైనప్పుడే అలా పెట్టండి.

నాలుగో అడుగు: ముందు జనం దగ్గరికి

కచేరీకి మూడు నాలుగు వారాల ముందు ఈ పని మొదలవ్వాలి. దీన్ని ప్రచారంగా చూస్తే పిల్లలు కూడా పసిగట్టేస్తారు. వెళ్లే ప్రతిచోటా జనం తమ చేతులతో, గొంతుతో, కాళ్లతో చేయాల్సింది ఒకటుండాలి, అదే కచేరీలోనూ తిరిగి రావాలి.

బడిలో మాకు నలభై ఐదు నిమిషాలిస్తారు, ఎదురుగా ముప్పై మంది ఉంటారు. మాటలతో మొదలుపెట్టకండి. 'మేము ఫలానా' అని పరిచయం చేసుకునేలోపే వెనక బెంచీ చేజారుతుంది. మా వాళ్లలో ఒకతను తలుపు బయట నిలబడి క్రమ్‌హార్న్ ఊదుతాడు. అది కొస వంపు తిరిగిన కర్రలా ఉంటుంది. లోపల జంట రీడ్ (ఊదితే కంపించే పల్చని రెల్లు ముక్కలు) ఉంటుంది గానీ దాని మీద మూత ఉండటం వల్ల పెదవి తగలదు, గొట్టంలోకి ఊదడమే. తొమ్మిది స్వరాలకి మించి పలకదు. చప్పుడు మాత్రం కోపమొచ్చిన బాతు గొంతు. పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ నవ్వు ఆగేలోపే రెండోది, మూడోది, నాలుగోది కలిసి నాట్యపు వరస అందుకుంటాయి. నవ్వు మెల్లగా చప్పట్లలోకి మారుతుంది. ఇంకా ఒక్క మాటా అనలేదు, ఐదు నిమిషాలయింది.

తర్వాత చేయి. వెయ్యేళ్ల కింద, 1025 ప్రాంతంలో, ఇటలీలో గీదో అనే సన్యాసి కుర్ర గాయకులకి స్వరాలు త్వరగా వచ్చేలా ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక కీర్తనలో ప్రతి పాదమూ ముందరి దానికన్నా ఒక స్వరం పైన మొదలవుతుంది. ఆ పాదాల మొదటి అక్షరాలే ఉత్, రె, మి, ఫ, సోల్, ల. ఆయన పేరు మీదే తర్వాత ఒక బొమ్మ వాడుకలోకి వచ్చింది: ఎడమ అరచేతిలో, వేళ్ల కణుపుల మీద ఒక్కో స్వరం. బొటనవేలి కొస దగ్గర అన్నిటికన్నా కింది స్వరంతో మొదలై చుట్టూ తిరుగుతుంది. కడిగితే పోయే సిరాతో పిల్లల చేత తమ చేతుల మీదే ఆరు స్వరాలు రాయించండి. మొత్తం ఇరవై పెట్టబోకండి, ఆరు చాలు. మీరు మీ చేతి మీద కణుపు ముట్టుకుంటే వాళ్లు ఆ స్వరం పాడాలి. రెండు నిమిషాల్లో ఒక పిల్లని ముందుకి పిలిచి తన చేయి చూపించమనండి, మీ బృందమంతా ఆమె వేలు చెప్పినట్టు పాడాలి. పెద్దవాళ్లు తను చెప్పినట్టు వింటున్నారన్న సంబరం ఆ ముఖంలో చూడాలి. సాయంత్రం ఇంటికి వెళ్లాక ఆ చేయే మీ కరపత్రం. అమ్మానాన్నలు అడుగుతారు కదా, అదేమిటని.

చివరి ఇరవై నిమిషాలు ఆర్బో గారివి. బెంచీలు పక్కకి జరిపి, అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడాలి. బ్రాన్ల్ అనే నాట్యంలో అతి సులువైనది ఇలా సాగుతుంది: ఎడమకి జరుగుతూ కాలు పెట్టు, కలుపు, మళ్లీ పెట్టు, కలుపు. కుడికీ అలాగే. అంతే, నాట్యం వచ్చేసింది. అది కుదిరాక 'చాకలి బ్రాన్ల్' నేర్పండి. అందులో చప్పట్లు కొట్టే చోటుంది. సెయిన్ నది ఒడ్డున బట్టలుతికేవాళ్లు బాదే చప్పుడులా ఉంటుందని ఆర్బోయే చెప్పాడు. నడుం మీద చేయి పెట్టుకుని ఎదుటివాళ్లకి వేలు చూపిస్తూ గదమాయించడం కూడా అందులో ఉంది. పిల్లలకి ఆ వంతు నేర్పక్కర్లేదు, పుట్టుకతో వచ్చు. 'గుర్రాల బ్రాన్ల్'లో కాలితో నేల తన్నాలి. కింది అంతస్తులో పరీక్ష జరుగుతోందేమో ముందే కనుక్కోండి.

వాద్యాలు ముట్టుకోనివ్వాలా? తప్పకుండా, కానీ ఏవి అన్నది మీరు తేల్చుకోండి. డప్పులు, గజ్జెల డప్పు, ప్లాస్టిక్ రికార్డర్లు ఇవ్వొచ్చు. రికార్డర్ ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్లేముందు సబ్బు నీళ్లలో ముంచి తుడవాలి, ఈ పనికి ఒక మనిషిని పెట్టండి. ల్యూట్ ఒళ్లు పల్చని చెక్కల కూర్పు, గుడ్డు పెంకులాంటిది. దాన్ని మీ చేతిలో ఉంచుకుని పిల్లల చేత ఒక్కో తీగ మీటించండి. ఫొటోలు తీసేముందు బడి వాళ్ల, తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

వృద్ధాశ్రమం లెక్క వేరు. అక్కడికి మెత్తని వాద్యాలు మాత్రమే, ఇద్దరో ముగ్గురో మనుషులు, ముప్పై ఐదు నిమిషాలు. ఎదురుగా వరసగా నిలబడకండి, వాళ్ల మధ్య కుర్చీలేసుకోండి. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకి సన్నని రికార్డర్ స్వరం సూదిలా గుచ్చుకుంటుంది. కింది స్థాయిలో పలికే పెద్ద రికార్డర్లు, టెనార్, బాస్, తీసుకెళ్లండి. శ్రుతి గడప బయటే చేసుకుని రండి. ఎవరైనా మధ్యలో మాట్లాడితే, తప్పు తాళంతో చేయి ఊపితే, పాట ఆపక్కర్లేదు, తాళమే వాళ్ల వైపు జరపండి.

పెద్దవాళ్ల కోసం 'వచ్చి పాడండి' పూట ఒకటి పెట్టండి. 1597లో ఇంగ్లండ్ ల్యూట్ కళాకారుడు జాన్ డౌలండ్ అచ్చు వేయించిన పాటల పుస్తకం తెరిస్తే నవ్వొస్తుంది: ఒక గొంతు వరస మామూలుగా, మిగతా మూడు గొంతులవి పక్కలకీ తలకిందులుగానూ. అచ్చు తప్పు కాదది. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ కూర్చుంటే ఎవరి వరస వాళ్ల వైపుంటుంది. ఆ పుట పెద్దదిగా నకలు తీసి బల్లల మీద పరచండి, బల్లకి నలుగురు. ఒకే బల్ల మీదకి వంగినవాళ్లు ఒకళ్ల ఊపిరి ఒకళ్లు వింటారు, ఎంత సిగ్గరైనా పాడకుండా ఉండలేరు. స్వరలిపి రానివాళ్లుంటే 'సుమెర్ ఇజ్ ఇకుమెన్ ఇన్' ఉండనే ఉంది. పదమూడో శతాబ్దం నడిమి కాలపు ఇంగ్లండ్ పాట. నలుగురు ఒకే వరసని ఒకరి వెనక ఒకరు అందుకుంటే, ఇద్దరు కింద చిన్న ముక్కని తిప్పి తిప్పి పాడతారు. కొత్తవాళ్లని ఆ కింది ముక్కలో కూర్చోబెడితే పది నిమిషాల్లో ఆరు వరసల సంగీతం మధ్యలో ఉంటారు.

ఈ పనులన్నిటికీ మీ కళాకారులకి కచేరీకి ఇచ్చినంతే డబ్బు ఇవ్వండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. సేవ పేరుతో ఉచితంగా చేయిస్తే మొదటి ఏడాది ఉత్సాహంగా వస్తారు, రెండో ఏడాది జ్వరాలొస్తాయి. నిధుల కోసం దరఖాస్తు రాసేటప్పుడు ఈ ఖర్చుని కచేరీ ఖర్చు పక్కనే, విడి పద్దుగా చూపించండి. హార్ప్సికార్డ్ రవాణా, శ్రుతి చేసే మనిషి, తీగలు, రీడ్లు, స్వరలిపి హక్కులు: తరచూ మర్చిపోయే పద్దులు ఇవే.

ఐదో అడుగు: శ్రుతి చేసుకోవడాన్ని దాచకండి

జర్మన్ రచయిత మాథెసన్ వెటకారం ఒకటి పద్దెనిమిదో శతాబ్దం మొదట్నుంచీ తిరుగుతోంది: ఎనభై ఏళ్లు బతికిన ల్యూట్ కళాకారుడు అరవై ఏళ్లు శ్రుతి చేసుకోవడంలోనే గడిపి ఉంటాడట. జనం ముందు ఆ అరవై ఏళ్లు ఇబ్బందిగా గడుస్తాయి. అందుకే ఒకసారి ఆ ఇబ్బందినే వినోదంగా మార్చండి.

ఇవాళ్టి పియానోలో పన్నెండు అర స్వరాలూ సమానం. దానివల్ల ఏ స్వరం నుంచైనా మొదలుపెట్టొచ్చు గానీ, గాంధారం కాస్త పెద్దదవుతుంది. శుద్ధంగా ఉండాల్సిన చోట 386 సెంట్లు (పియానో అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు), పియానోలో 400. పదహారో శతాబ్దపు మీన్‌టోన్ పద్ధతిలో ఆ గాంధారాల్ని శుద్ధంగా ఉంచుతారు. బదులుగా ఒక మూల రెండు స్వరాల మధ్య ఘోరమైన పంచమం మిగిలిపోతుంది. దాన్ని 'తోడేలు' అంటారు, ఊళ పెడుతుంది కాబట్టి. హార్ప్సికార్డ్ మీద 415 హెర్ట్జ్ 'లా' స్వరాన్ని, దాని పై గాంధారాన్ని కలిపి నొక్కండి. సమాన పద్ధతిలో పెట్టినప్పుడు లోపల ఏదో వణుకుతుంది, సెకనుకి పదహారు సార్లకి పైగా. ఇప్పుడు పై తీగని మెల్లగా దింపండి. వణుకు నెమ్మదిస్తుంది, అలలవుతుంది, అలలు సాగి సాగి 518.75 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి. హాలంతా ఊపిరి బిగబట్టి వింటుంది. ఆ వెంటనే తోడేలుని వదలండి. నవ్వులు. రెండు నిమిషాల పని, ఆ తర్వాత మీరు ఎంతసేపు శ్రుతి చేసుకున్నా ఎవరూ గడియారం చూడరు. అయితే కచేరీకి ఒక్కసారే, మళ్లీ మళ్లీ చేస్తే పాఠమైపోతుంది.

ఆరో అడుగు: కచేరీ రోజు

సాయంత్రం ఏడుకి కచేరీ అనుకుందాం. హార్ప్సికార్డ్ రెండింటికల్లా హాల్లో ఉండాలి. దించగానే శ్రుతి చేయొద్దు, గంటన్నర గదికి అలవాటు పడనివ్వండి. మూడున్నరకి మొదటి శ్రుతి, నాలుగున్నర నుంచి ఆరు దాకా రిహార్సల్, ఆరింటికి మళ్లీ శ్రుతి. ఆ అరగంట హాల్లో ఎవరూ సాధన చేయకూడదు, కుర్చీలు జరపకూడదు. ఇది బృందంలో కీచులాటలకి మూల కారణం కాబట్టి ముందే చెప్పేయండి. ఆరున్నరకి తలుపులు.

పెట్టెలో ఉండాల్సినవి: ప్రతి తీగకీ ఒక అదనపు తీగ, రీడ్లు, రికార్డర్ కీళ్లకి రాసే మైనం, స్టాండుకి తగిలించే దీపాలు, పెన్సిళ్లు, బట్టలకి పెట్టే క్లిప్పులు. ఆరుబయట వాయిస్తే కాగితాలు ఎగరకుండా ఆ క్లిప్పులే కాపాడతాయి.

బడి పిల్లలు, బల్లల చుట్టూ పాడినవాళ్లు కచేరీలో ఎక్కడ రావాలి? మొదట్లోనే పెడితే వాళ్ల పని అవగానే సగం హాలు లేచిపోతుంది. మరీ చివర పెడితే చిన్నపిల్లలు నిద్రపోతారు. మేము ముప్పావు వంతు గడిచాక పెడతాం. పిల్లలు జనం మధ్యలోంచి లేచి వస్తారు, బ్రాన్ల్ ఆడతారు, రెండోసారి తిరిగేటప్పుడు ముందు వరస పెద్దల చేతులు పట్టి లాగుతారు. అందుకే ముందు వరసకీ మాకూ మధ్య పది అడుగుల ఖాళీ వదులుతాం. వాళ్లతో కనీసం రెండు రిహార్సళ్లు ఉండాలి, అందులో ఒకటి అదే హాల్లో.

వేదిక మీద మాటలు తక్కువ. పాటకి మూడు వాక్యాలు: ఎవరి కోసం రాశారు, ఏం వినాలి, ఒక చిన్న ముచ్చట. 'ఇది చాలా అరుదైన వాద్యం' అనకండి. అరుదైతే ఏంటట? కరపత్రం ఒక్క పుట, పాటల మాటలూ వాటి అర్థమూ పక్కపక్కనే, చీకట్లో కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో. పాత కాలపు దుస్తులు వేసుకోవాలా అని చాలామంది అడుగుతారు. నేను వేసుకోను. జనం టోపీ ఈకల్ని చూస్తారు, పాట వినరు. అయితే వీధి ఉత్సవంలో గట్టి వాద్యాలతో ఊరేగేటప్పుడు ఈకలు బాగానే పనిచేస్తాయి, ఒప్పుకుంటాను.

కొత్త జనం కావాలంటే తేదీ కూడా సాయం చేస్తుంది. బాక్ పుట్టిన మార్చి 21ని యూరప్‌లో ఎర్లీ మ్యూజిక్ దినంగా జరుపుతారు. ఆ రోజు ఏం చేసినా పెద్ద గుంపులో భాగమవుతారు. అమెరికాలోని బోస్టన్‌లో 1981 నుంచి, నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో 1982 నుంచి జరుగుతున్న ఉత్సవాల్లో ప్రధాన కచేరీల పక్కన చిన్న బృందాలకీ చోటుంటుంది. బడులతో మీరు చేసిన పని దరఖాస్తులో రాస్తే బరువు పెరుగుతుంది.

ఏడో అడుగు: దీపాలు వెలిగాక

కచేరీ అయ్యాక పావుగంట వాద్యాలు పెట్టెల్లో పెట్టకండి. జనాన్ని దగ్గరికి రమ్మనండి. ల్యూట్ పక్కన మాత్రం ఒకరు నిలబడాలి. టికెట్టు అమ్మినప్పుడు రాని ప్రశ్నలు ఇక్కడ వస్తాయి: ఇది ఎక్కడ దొరుకుతుంది, నాకు యాభై ఏళ్లు ఇప్పుడు నేర్చుకోవచ్చా, మా బడికి వస్తారా. వాటిని ఆ రాత్రే ఒక పుస్తకంలో రాసుకోండి. తలుపు దగ్గర కూడా వచ్చిన ప్రతివారినీ ఒకే ప్రశ్న అడగండి: 'మా సంగతి ఎలా తెలిసింది?' బడి, ఆశ్రమం, పాటల పూట, పోస్టరు అని నాలుగు గళ్లు గీసి గీతలు పెట్టుకుంటే చాలు. వచ్చేసారి డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ గీతలే చెప్తాయి. మా పోస్టరు గడిలో ఎన్ని గీతలున్నాయో చూశాక పోస్టర్లు మానేశాం.

రెండు నెలల్లోపు అదే బడికి, అదే ఆశ్రమానికి మళ్లీ వెళ్లండి. కొత్త చోట్లు నాలుగు చూడటం కన్నా పాత చోటికి మూడుసార్లు వెళ్లడం మేలు. మొదటిసారి మనం వింత. రెండోసారి చుట్టాలం. మూడోసారి మేము వెళ్లేసరికి బెంచీలు అప్పటికే పక్కకి జరిగి ఉన్నాయి. నేను వయోల్ బయటకి తీసి, గుండ్రంలో నిలబడి అడుగులు గుర్తుచేద్దామని ఎడమకి రెండు, కుడికి రెండు వేశాను. పక్కనున్న తొమ్మిదేళ్ల పిల్ల నా చేయి లాగింది. "ఇది ఆ బ్రాన్ల్ కాదండీ, పాట వినండి, కుడికి ఒకటే" అంది.